దేశపు చావడికి చేర్పులు



మా గ్రామమున రచ్చచెట్టు ప్రక్కను ఒక చావడి యుండెడిది. పెంకుల కప్పు, ఆరు టేకు స్తంభములు, మూడు ప్రక్కల వసారా, మోకాలెత్తు అరుగు. ఇంతే దాని వైభవము. తగవులు అక్కడనే తీరెడివి. పన్ను లెక్కలు అక్కడనే వ్రాసెడివారు. వానాకాలమున బడిపిల్లలు అక్కడనే అక్షరములు దిద్దెడివారు. కొంతకాలమునకు జనము పెరిగినది, పనులు పెరిగినవి, చోటు చాలదయ్యెను. గ్రామపెద్దలము కూర్చుండి ఆలోచించి, పెంకులు దింపించి, పైని ఒక మేడ వేయించితిమి. ఆ పెద్దలలో నేనొకడను. "వేయింపుడు" అని మొదట పలికినవాడనును నేనే. మట్టితోను సున్నముతోను లేచిన ఆ గోడలు మూడు వానాకాలములు పైబరువు మోసినవి. నాలుగవ యేట నెఱియలు విచ్చెను. భయపడి మేడను దింపించితిమి. దానితో వసారా పోయెను, టేకు స్తంభములును పోయెను. నేటి పిల్లలకు ఆ చోటు పంచాయతీ గది మాత్రమే. అక్కడ చావడి యొకటి యుండెనని వారెఱుగరు.

ఆ నాటినుండి నాకొక అలవాటు పట్టుపడినది. ఏ యూరికి పోయినను, పాత కట్టడమునకు క్రొత్త చేర్పు కానవచ్చినచో ఆగి, చుట్టును తిరిగి చూతును. పాతదానికి మాట దక్కినదా, పోయినదా అని విచారింతును. ఇట్లు చూచుచుండగా నాకొక సందేహము కలిగినది. ఒక గ్రామము తన చావడిని పెంచుకొనబోయి పాడుచేసికొన్నది. దేశమే తన చావడిని పెంచుకొనవలసి వచ్చినప్పుడు ఏమి చేసినది? ఢిల్లీలోని పార్లమెంటు భవనపు చరిత్రను ఈ కన్నుతో చదివితిని. పిమ్మట పోయి చూచితిని. ఆ కథనే నేడు మీకు విన్నవింపదలచినాను.

మొదట ఆ భవనము పుట్టుక చెప్పవలెను. రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్తుమని 1911లో ప్రకటించి, క్రొత్తనగరమునకు ఏర్పాటులు మొదలుపెట్టిన కాలమున శాసనసభకు వేఱుగ గొప్ప భవనము కట్టవలెనను తలంపు లేదు. 1919 నాటి సంస్కరణలచే రెండు సభలు ఏర్పడిన పిమ్మటనే ఆ యవసరము కలిగెను. ఎడ్విను లట్యెన్సు, హెర్బర్టు బేకరు అను ఇరువురు ఆంగ్ల శిల్పులు నగరనిర్మాణమునకు నియుక్తులైయుండిరి. బేకరు మొదట మూడు కోణముల కట్టడమును ఊహించెను. లట్యెన్సు గుండ్రని కట్టడమే తగునని పట్టుపట్టెను. తుదకు వృత్తమే గెలిచినది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ఓడిపోయిన త్రికోణము నూఱేండ్లకు మరల మన కథలోనికి వచ్చును.

1921 ఫిబ్రవరి 12వ తేదీన కన్నాటు ప్రభువు శంకుస్థాపన చేసెను. ఆఱు సంవత్సరములు పని సాగి, 1927 జనవరి 18వ తేదీన రాజప్రతినిధియైన ఇర్విను ప్రభువు భవనమును తెఱచెను. అయిన వ్యయము 83 లక్షల రూపాయలు. అడ్డముకొలత 560 అడుగులు, ఆక్రమించిన నేల ఇంచుమించు ఆఱు ఎకరములు, ద్వారములు పండ్రెండు. మేడవసారాలో చుట్టును 144 స్తంభములు, ఒక్కొక్కటి 27 అడుగుల ఎత్తు. నడుమ గుమ్మటము క్రింద గుండ్రని మందిరము. ఆ గుమ్మటపు అడ్డముకొలత 98 అడుగులు. దానిచుట్టు మూడు సభామందిరములు: ఒకటి శాసనసభకు, ఒకటి రాష్ట్రసభకు, ఒకటి సంస్థానాధిపతులు కూడు నరేంద్రమండలికి. ఈ మూడింటి నడుమ తోటలు. అన్నిటిని చుట్టి స్తంభముల వలయము. మధ్యప్రదేశములోని మితావలీ గ్రామమున గల గుండ్రని యోగినీదేవాలయమును చూచి దీనిని కట్టిరని జనులు చెప్పుకొందురు. పోలిక కంటికి కనబడును గాని, ఆ శిల్పులు దానిని చూచి గీచిరనుటకు వ్రాతపూర్వకమైన ఆధారము దొఱకలేదు.

పరప్రభుత్వము తన గొప్పకై కట్టిన యింటిని మన మేల కాపాడవలెను అని మీలో నొకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కట్టించినవాని నిమిత్తమై కాదు, లోపల జరిగినదాని నిమిత్తమై అని నా సమాధానము. 1929 ఏప్రిలు 8వ తేదీన భగత్‌సింగు, బటుకేశ్వరదత్తు ఆ శాసనసభామందిరముననే బాంబులు విసరి, పాఱిపోక నిలిచి పట్టుబడిరి. 1946 డిసెంబరు 9వ తేదీన నడిమి మందిరమున రాజ్యాంగసభ తొలిసారి కూడెను. 1947 ఆగస్టు 14వ తేది అర్ధరాత్రి స్వాతంత్ర్యము వచ్చినది ఆ కప్పు క్రిందనే. 1949 నవంబరు 26వ తేదీన రాజ్యాంగము అంగీకరింపబడినదియు అక్కడనే. మన పట్టాభి సీతారామయ్యగారు, దుర్గాబాయిగారు మొదలగు ఆంధ్రులు కూర్చుండి వాదించిన చోటు అది. రాళ్లు పరులు పేర్పించినను, మాట మనవారిది. మాట నిలిచిన చోటును పడగొట్టుకొన్న జాతికి తన మాట తనకే జ్ఞాపకముండదు. మా చావడి విషయమున నే నెఱిగిన సత్య మిదియే.

ఇక చేర్పుల కథ. ఇంటిలో చోటు చాలనప్పుడు గృహస్థు చేయదగిన పనులు ఐదు. లోపలనే సర్దుకొనవచ్చును, పైని మేడ వేయవచ్చును, ప్రక్కను కట్టవచ్చును, నేలలోనికి దింపి కట్టవచ్చును, ఇవేవియు చాలనిచో ఎదుట వేఱిల్లు కట్టవచ్చును. ఆశ్చర్య మేమనగా, ఢిల్లీలోని యీ యొక్క భవనము విషయమున మన దేశము ఈ యైదు మార్గములను వరుసగా త్రొక్కినది. అందుచే దానిని చదివిన, ఎక్కడనైనను పాత యింటికి క్రొత్త గది వేయు విద్య యంతయు చదివినట్లే.

మొదటిది లోపల సర్దుకొనుట. నేడు నడిమి మందిరమని ప్రసిద్ధికెక్కిన చోటు మొదట గ్రంథాలయము. రాజ్యాంగసభకు తగిన మందిరము కావలసివచ్చి, 1946లో దానినే సభాస్థలముగ మార్చిరి. నరేంద్రమండలి మందిరమున 1937 మొదలు ఫెడరలు కోర్టు కూర్చుండెను. 1950 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు ఆరంభమైనదియు అక్కడనే. ఒకే యింట శాసనము, న్యాయము రెండును కొంతకాలము కాపురముండినవి. ఈ మార్గమున గోడ కదలలేదు, రూపు చెడలేదు, వ్యయము స్వల్పము. అందుచే పెద్దలు మొదట విచారింపవలసినది ఇదియే. క్రొత్త గది కావలెనని మేస్త్రీని పిలుచుటకు ముందు, ఉన్న గదులలో ఏది యేల ఉన్నదో చూడవలెను. మా చావడిలో ఒక గది నిండ విఱిగిన బల్లలును, పనికిరాని కాగితములును ఉండెను. వానిని తీసివేసియున్నచో మేడ యక్కఱ రాకపోయెడిదేమో! అప్పుడు మాకు తోచలేదు.

ఈ సందర్భమున సుప్రీంకోర్టు భవనముమాట యొకటి చెప్పి మరల రావలెను. ఆ న్యాయస్థానము 1958లో తన సొంత భవనమునకు తరలిపోయెను. దానిని రచించినవారు గణేశ భికాజీ దేవళాలీకరుగారు. త్రాసును తలపించునట్లు, నడుమ దండము, ఇరుప్రక్కల తట్టలు ఉండునట్లు దాని రూపు ఏర్పఱచిరి. చోటు చాలనప్పుడు 1979లో తూర్పు పడమరల రెండు రెక్కలు చేర్చిరి. 1994లో మరల కొంత పెంచిరి. చేతులు చాచినట్లు ప్రక్కలకు సాగు రూపము గనుక ఆ కట్టడము చేర్పును సహించినది. పార్లమెంటు భవనమున కట్టి వీలు లేదు. వృత్తమునకు మొదలు లేదు, తుద లేదు; అతుకు వేయుటకు మూల లేదు. ఎక్కడ రెక్క తగిలించినను అది వృత్తము గాకపోవును. ఇందువలన తేలున దేమి? చేర్పునకు స్థలము మన యిష్టముచేతగాక, పాత కట్టడపు రూపుచేత నిర్ణయింపబడును. కొన్ని యిండ్లు పెరుగుటకే పుట్టినవి. కొన్ని పూర్ణములై పుట్టినవి. ఏది యెట్టిదో తెలిసికొనుటయే పని యంతటిలో సగము.

రెండవ మార్గము పైని వేయుట. స్వతంత్రము వచ్చిన పిమ్మట పని విస్తరించెను. తొలినాటి శాసనసభలో సభ్యులు సుమారు 145 మంది. 1952 నాటి లోకసభకు ఎన్నికైన స్థానములు 489. వారికి తగిన కార్యాలయములును కావలెను. అందుచే 1956లో భవనముపై రెండు అంతస్తులు చేర్చిరి. అది మన రాష్ట్ర మవతరించిన సంవత్సరము. తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనము అయ్యంగారు లోకసభాధ్యక్షులైన దియు ఆ యేడే. చేర్పు వలయమునే అనుసరించి సాగుటచే గుండ్రదనము చెడలేదు. భవనము బలమైనది గనుక గోడలు నెఱియలు విచ్చలేదు. కాని దగ్గఱ నిలిచి చూచువానికి నడిమి గుమ్మటము చక్కగ కానరాదు. స్తంభముల వరుస పైని ఆకాశముండదగిన చోట గోడ యున్నది. నేను పోయి చూచినప్పుడు, గుమ్మటమును వెదకుచు వీధిలో వెనుకకు వెనుకకు నడచితిని. కొంతదూరము పోయినగాని దాని జాడ దొఱకలేదు. బరువు మోయగలదా యని అడుగుట అవసరమే. మోయగలిగినను, తలపై మూట పెట్టుకొన్నవాని ముఖము మాఱదా యని కూడ అడుగవలెను.

మూడవది ప్రక్కను కట్టుట. అంతస్తులును చాలకపోగా, సమితులు కూర్చుండుటకును, కార్యాలయములకును వేఱొక భవనము తలపెట్టిరి. 1970 ఆగస్టు 3వ తేదీన దానికి శంకుస్థాపన చేసినవారు రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారు. 1975 అక్టోబరు 24వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారు తెఱచిరి. రూపకర్త కేంద్రప్రభుత్వ నిర్మాణశాఖలోని ప్రధానశిల్పి జె. ఎం. బెంజమినుగారు. పాతదాని గుండ్రదనమును ఇది అనుకరింపలేదు. తన కాలపు పద్ధతిని, తన పనికి తగినట్లు తాను నిలిచినది. దీనికి మరియొక చేర్పు కట్టి 2017 జూలై 31వ తేదీన తెఱచిరి.

ఇక్కడ అభిప్రాయభేదము కలదు. పాత కట్టడము ప్రక్కను కట్టునది దానివలెనే యుండవలెనని కొందఱు. దొంగపోలిక కూడదు, తన కాలపు ముఖముతోనే యుండవలెనని కొందఱు. నాకు తోచినంతవరకు రెండును పూర్తి సత్యములు కావు. నకలు కట్టినచో రేపటివానికి ఏది పాతదో ఏది క్రొత్తదో తెలియదు, చరిత్ర కలగాపులగమగును. బొత్తిగ పొందిక లేనిది కట్టినచో రెండును ఒకదానినొకటి వెక్కిరించును. తండ్రిప్రక్కను నిలిచిన కుమారుడు తండ్రివేషము వేయనక్కఱలేదు. తండ్రి భుజముమీదుగ తోసికొని ముందునకు రాకున్న చాలును.

నాలుగవ మార్గమున ఈ మర్యాద చక్కగ కనబడుచున్నది. అది పార్లమెంటు గ్రంథాలయ భవనము. 1987 ఆగస్టు 15వ తేదీన రాజీవుగాంధిగారు శంకుస్థాపన చేసిరి. పని ఆలస్యమై, 2002 మే 7వ తేదీన రాష్ట్రపతి కె. ఆర్. నారాయణనుగారిచే తెఱువబడినది. రూపకర్త రాజరేవాలుగారు. ఆయన చేసినపని యిది: క్రొత్త భవనపు ఎత్తును పాతదాని పీఠమును మించనీయలేదు. కావలసిన చోటులో చాలభాగము నేలక్రిందికి దింపెను. పైని కనబడునవి పల్లపు గుమ్మటములు, లోపల తోటలు, ముంగిళ్లు. రాయి పాతదాని రంగుకు చుట్టమైన ఇసుకరాయియే. గుమ్మటములలో కొన్ని మాత్రము ఉక్కును అద్దమును చేర్చి చేసిన నేటి కాలపు పని. నడిమి ఇరుసు పాత భవనపు ద్వారమొకదానికి సూటిగ నుండును. పాతదాని యెదుట తల వంచి కూర్చుండిన రీతి యిది. దగ్గఱకు పోయినగాని దాని విస్తీర్ణము తెలియదు; స్తంభముల వలయము మాత్రము దూరమునుండియు ఎప్పటివలెనే కనబడుచుండును.

ఈ గ్రంథాలయముతో మనవారి జ్ఞాపక మొకటి పెనవేసికొన్నది. అది పూర్తియగుచున్న దినములలో లోకసభాధ్యక్షులుగ నుండినవారు కోనసీమవాసియైన జి. ఎం. సి. బాలయోగిగారు. 2002 మార్చి 3వ తేదీన కైకలూరువద్ద హెలికాప్టరు ప్రమాదమున వారు మరణించిరి. రెండు నెలలకు ఆ భవనము తెఱువబడినది. అందలి సభామందిరమునకు వారి పేరు పెట్టిరి.

తుదకు ఐదవ మార్గము, ఎదుట వేఱిల్లు కట్టుట. పాతభవనము నేటి మహాదేశపు సభలకై కట్టినది కాదు. లోకసభ 543 స్థానములకు పెరిగెను. మున్ముందు ఇంకను పెరుగునను తలంపు కలదు. విద్యుత్తు తీగలు, నీటిగొట్టములు, చల్లదనపు యంత్రములు కాలక్రమమున ఒకదానిపై నొకటి చేర్చుటచే గోడలు అలసినవి. అగ్నిభయము, భూకంపభయము గూర్చియు నిపుణులు హెచ్చరించిరి. అందుచే ప్రక్కస్థలమున క్రొత్త పార్లమెంటు తలపెట్టి, 2020 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన చేసి, 2023 మే 28వ తేదీన తెఱచిరి. ఈ రెండు కార్యములును ప్రధానమంత్రి నరేంద్రమోదీగారి చేతిమీదుగ జరిగినవి. రూపకర్త బిమలపటేలుగారు. లోకసభకు 888, రాజ్యసభకు 384 ఆసనములు. ఇక రూపమో, త్రికోణము! స్థలము మూడు మూలలది గనుక కట్టడమును అట్లే వచ్చినది. నూఱేండ్ల క్రిందట బేకరు చిత్తమున మెదలి వృత్తమునకు ఓడిపోయిన రూపము, ఇప్పుడు ఆ వృత్తమునకే పొరుగై నిలిచినది. 2023 సెప్టెంబరు 19వ తేదీన సభలు అందు ప్రవేశించెను. అదే దినమున పాతదానికి సంవిధానసదనమని పేరు పెట్టిరి.

ఈ నిర్మాణము తగవు లేక సాగలేదు. వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు పోయినది. 2021 జనవరి 5వ తేదీన ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దఱు నిర్మాణమునకు అనుకూలముగ తీర్పు చెప్పిరి; పురాతన కట్టడముల సంరక్షణసమితి అనుమతిని నిర్మాణమునకు ముందు పొందవలెనని ఆజ్ఞాపించిరి. మూడవవారైన సంజీవఖన్నాగారు భిన్నముగ వ్రాసిరి. ఆ సమితి అనుమతి ముందుగనే లేదనియు, ప్రజలకు వివరములు తెలిపి వారి అభిప్రాయము కోరిన రీతి చాలదనియు వారి ఆక్షేపణ. తీర్పు ఇద్దఱిది, అదే చెల్లినది. అయినను మూడవవారి ప్రశ్నను మన గ్రామములవఱకు తెచ్చుకొనుట మంచిదని నా మనవి. నలుగురి సొత్తును మార్చునప్పుడు నలుగురిని ఎప్పుడు అడుగవలెను? పునాది త్రవ్విన పిమ్మట అడుగుట అడుగుట కాదు, చెప్పుట మాత్రమే. మా చావడి విషయమున మేము అడుగనే లేదు. వసారాలో కూర్చుండు ముసలమ్మలను గాని, అరుగుపై చదువుకొను పిల్లలను గాని ఒక్కమాట యడిగియున్నచో, "ఆ నీడ తీయకుడు" అని చెప్పియుండెడివారు.

ఐదు మార్గములలో ఏది మంచిదని మీరడుగుదురు. దేనికదే యని చెప్పి తప్పించుకొనను. రూపమును కాపాడుటలో గ్రంథాలయపు మార్గము ఉత్తమమని నా యభిప్రాయము. పైని వేయుట అన్నిటికన్న తుదను ఆలోచింపవలసినది. ఎదుట వేఱిల్లు కట్టుటలో ఒక మేలు, ఒక కీడు కలవు. పాతదానిపై చేయి పడదు, ఇది మేలు. పాతదాని పని పోవును; ఇది కీడు. పని లేని యింటిని ఎవ్వరును ఊడ్వరు. ఊడ్వని యింటిలో చెదలు చేరును. పేరు మార్చి దండ వేసినంతమాత్రమున భవనము బ్రతుకదు. సంవిధానసదనమునకు నిత్యమైన పని కల్పించుటయే ఇకముందు దేశముపై గల భారము.

ఇదంతయు మనకు క్రొత్త విద్య కాదు. మన దేవాలయములు పెరిగిన రీతి చూడుడు. గర్భాలయము జోలికి పోక, మంటపము, ప్రాకారము, గోపురము అని వెలుపలికి వెలుపలికి పెంచిరి. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన గాలిగోపురము గుడికి వేఱుగ నిలిచినది. 2010 మే 26వ తేదీన ఆ గోపురము కూలినప్పుడు గర్భాలయమునకు హాని రాలేదు. గోపురమును మరల కట్టుకొంటిమి. వేఱుగ నిలుపుటలోని వివేకము ఐదువందల యేండ్లకు ఫలించినది.

ఇప్పుడు ముగింపుగ మా యూరి మాట. కొన్ని యేండ్ల క్రిందట మా గ్రంథాలయమునకు చోటు చాలదయ్యెను. అదియు పెంకుటిల్లే, సున్నపు గోడలే. మేడ వేయుదమని ఒక యువకుడు లేచెను. నేను లేచి, చావడి కథ చెప్పితిని. తప్పు నాదని కూడ చెప్పితిని. పిమ్మట అందఱమును కలిసి ఆ యింటిచుట్టు మూడుమార్లు తిరిగితిమి. ముందువైపు వసారా ఊరికంతకు తెలిసిన ముఖము, దానిని ముట్టరాదనుకొంటిమి. వెనుక దొడ్డి కలదు, అక్కడ కట్టుదమనుకొంటిమి. పాతగోడకు ఆనించక మూడు గజములు ఎడము విడిచి, నడుమ చిన్న నడవ మాత్రము వేయించితిమి. పాత పునాదిని ఒరసి లోతుగ త్రవ్వినచో అది జాఱునని మేస్త్రీ చెప్పెను. క్రొత్త కప్పు పాత చూరుకంటె జానెడు క్రిందుగనే ఆగునట్లు చూచితిమి. రెండు కప్పుల నీరును పాతగోడ మొదట పడకుండ కాలువ త్రిప్పితిమి. పాతగోడల బీటలకు సిమెంటు పూయనీయలేదు. సున్నపు గోడలోని చెమ్మ సిమెంటు క్రింద చిక్కుకొని గోడను తినును గనుక, సున్నముతోనే పూయించితిమి. పాతగదిలో పత్రికలు చదువు బల్లను ఉంచితిమి. అందుచే అది నిత్యము తెఱువబడుచున్నది.

వీధిలో పోవువానికి నేడును ఆ పాత గ్రంథాలయమే కనబడును. లోపలికి వచ్చినగాని క్రొత్త గది తెలియదు. మొన్న ఒక బాలుడు ఆ వసారాలో కూర్చుండి, "తాతా, ఇది ఎవరు కట్టించినారు?" అని నన్నడిగెను. చావడిని గూర్చి ఆ ప్రశ్న అడుగువా డొక్కడును మా యూర లేడు. మీ గ్రామములందు అట్టి ప్రశ్న అడిగించగల కట్టడ మొక్కటియైన నిలిచియున్నచో, దానికి మేస్త్రీని పిలుచుటకు ముందు, చుట్టును ఒకమారు తిరిగి రండు. ఇదియే నా విన్నపము. ఇక సెలవు.